పాత క్యాంపర్ వ్యాన్ అమ్ముతున్నారా? ముందు తుప్పు చూపించండి

బండి చూడ్డానికి వచ్చిన పెద్దాయన టీ వద్దన్నాడు. సీట్లు చూడలేదు, పెయింట్ చూడలేదు. కోటు విప్పి గేటుకి తగిలించి, వెంట తెచ్చుకున్న చాప పరుచుకుని, టార్చిలైటూ చిన్న అయస్కాంతమూ పట్టుకుని బండి కిందకి దూరాడు. ఇరవై నిమిషాలు ఆయన బూట్లు తప్ప మాకేమీ కనపడలేదు. బయటికొచ్చి చేతులు దులుపుకుంటూ, "మీరు ఫొటోల్లో చూపించినవే ఉన్నాయి, కొత్తగా ఏమీ దొరకలేదు" అన్నాడు. పావుగంటలో బేరం కుదిరిపోయింది.

అదే బండిని అంతకు రెండేళ్ల ముందు ఒకసారి అమ్మబోయి చేతులెత్తేశాను. అప్పుడు తళతళలాడేలా కడిగి, సముద్రం పక్కన నిలబెట్టి తీసిన ఫొటోలు పెట్టాను. ఏడుగురు వచ్చారు. ఏడుగురూ కిందకి వంగి చూసి, "ఆలోచించుకుని చెబుతాం" అని వెళ్లిపోయారు. ఈ రెండేళ్లలో బండి పెద్దగా మారలేదు. నేను దాన్ని చూపించిన తీరు మారింది, అంతే.

మాది 1978 ఫోక్స్‌వ్యాగన్ క్యాంపర్, లోపలే మంచం, స్టవ్ ఉన్న వ్యాన్. పదకొండేళ్లు వాడాం. కార్న్‌వాల్, లేక్ డిస్ట్రిక్ట్, స్కాట్లండ్ అన్నీ అందులోనే తిరిగాం. పిల్లలు పెద్దవాళ్లై, నా మోకాళ్లు ఆ పైకప్పు మంచం ఎక్కనని మొరాయించాక అమ్మాల్సి వచ్చింది. బ్రిటన్‌లో ఇలాంటి పాత బండి ఉన్న తెలుగువాళ్లు ఎక్కువమంది ఉండరు. ఉన్నవాళ్లు మాత్రం దాన్ని ఎలా అమ్మాలని ఫోన్ చేసి అడుగుతున్నారు కాబట్టి, ఒక్కచోట రాసిపెడుతున్నాను.

1. మీ దగ్గరున్నది ఏ బండో మీకు తెలియాలి

మన స్నేహితులకి అన్నీ "ఆ హిప్పీ వ్యాన్"లే. కొనడానికి వచ్చేవాడు అలా కాదు, మీకన్నా ఎక్కువ తెలుసుకుని వస్తాడు. ప్రకటనలో సంవత్సరమో మోడలో తప్పు రాస్తే అక్కడే నమ్మకం పోతుంది.

ఫోక్స్‌వ్యాగన్ ఈ వ్యాన్లను 1950లో మొదలుపెట్టింది. ముందు అద్దం రెండు ముక్కలుగా ఉంటే అది మొదటి తరం, స్ప్లిట్ స్క్రీన్. 1967 నుంచి ముందు అద్దం ఒకే ముక్కగా, వంపు తిరిగి వచ్చింది. దాన్ని టీ2 అనీ, బే విండో అనీ అంటారు. అందులోనూ ముందు ఇండికేటర్లు కింద, బంపర్ దగ్గర ఉంటే ఎర్లీ బే. పైన, గాలి జాలీకి అటూ ఇటూ ఉంటే లేట్ బే. 1979లో దాని స్థానంలో పలకలు పలకలుగా ఉండే మూడో తరం వచ్చింది, బ్రిటన్‌లో దాన్ని టీ25 అంటారు.

ఒక తిరకాసు ఉంది. జర్మనీలో ఆగిపోయినా, బ్రెజిల్‌లో ఈ బే విండో 2013 దాకా తయారైంది. వాటిలో కొన్ని బ్రిటన్‌కి కొత్తవిగానే దిగుమతై, ఇక్కడే క్యాంపర్లుగా మారాయి. చూడ్డానికి పాతదే, వయసుకి మాత్రం కుర్రది. మీది అలాంటిదైతే ఆ మాట మొదటి వాక్యంలోనే రాయండి. దానికీ కొనేవాళ్లున్నారు. దాన్ని పాత జర్మన్ బండి అనుకుని వచ్చినవాడు మాత్రం కొనడు.

లేట్ బే ఛాసిస్ నంబర్‌లో మొదటి అంకె 2 అంటే టైప్ 2 అని, ఫోక్స్‌వ్యాగన్ ఈ వ్యాన్లన్నిటికీ పెట్టిన పేరు అది. మూడో అంకె మోడల్ సంవత్సరం చెబుతుంది. మాదానికి అక్కడ 8 ఉంది, అంటే 1978. మోడల్ సంవత్సరం ఆగస్టులోనే మొదలవుతుంది కాబట్టి, 1977 అక్టోబర్‌లో తయారైన బండి కూడా 1978 మోడలే. ఇంజిన్ గదిలో రేకు మీద కొట్టిన నంబరూ, కాగితాల్లో ఉన్న నంబరూ ఒకటేనా కాదా మీరే ముందు సరిచూసుకోండి. వచ్చినవాడు చూసే మొదటి పది విషయాల్లో అదొకటి.

ఫ్యాక్టరీలో ఏ రంగుతో, ఏ సదుపాయాలతో బయటికొచ్చిందో కోడ్‌లలో చెప్పే చిన్న రేకు ముక్క ఒకటి ముందు క్యాబిన్‌లో ఉంటుంది, ఎమ్ ప్లేట్ అంటారు. తుడిచి ఫొటో తీసి పెట్టండి. వోల్ఫ్స్‌బర్గ్‌లో ఉన్న ఫోక్స్‌వ్యాగన్ మ్యూజియం ఫౌండేషన్ ఫీజు తీసుకుని బండికి జన్మపత్రం కూడా ఇస్తుంది. మా ఆవిడ దాన్ని బండి జాతకం అనేది. కొనడానికి వచ్చినాయన ఆ కాగితాన్ని మా అమ్మాయి పెళ్లి జాతకం చూసినంత శ్రద్ధగా చూశాడు.

ఇక లోపలి మంచాలు, అల్మారాలు, స్టవ్ ఎవరు బిగించారన్నది కూడా ముఖ్యమే. ఫోక్స్‌వ్యాగన్ నుంచి వచ్చింది ఉత్త వ్యానే. జర్మనీలో వెస్ట్‌ఫాలియా, బ్రిటన్‌లో సిడ్‌మత్‌కి చెందిన డెవాన్, ఫోక్‌స్టన్‌కి చెందిన డార్మొబైల్, ఇంకా డాన్‌బరీ, వైకింగ్ వంటివాళ్లు దాన్ని ఇల్లుగా మార్చేవాళ్లు. ఆ పాత అల్మారాలు చెక్కుచెదరకుండా ఉంటే దాని విలువ వేరు. ఎవరో మధ్యలో పీకేసి కొత్త ప్లైవుడ్ పెట్టి ఉంటే, అదీ చెప్పండి.

2. కాగితాల ఫైలు తయారు చేయండి

ఒక లావుపాటి ఫైలు కొనండి. ఇల్లంతా వెతికి ప్రతి బిల్లూ తెచ్చి, తేదీల వారీగా అందులో పెట్టండి. వెల్డింగ్ బిల్లు, కార్బురేటర్ బిల్లు, టైర్ల బిల్లు, చివరికి వైపర్ బ్లేడు కొన్న రసీదు కూడా. పాత యజమానులు ఇచ్చినవి ఉంటే అవీ. "బాగా చూసుకున్నాం" అని అందరూ అంటారు. ఆ మాటకి సాక్ష్యం ఈ ఫైలే. నాకు రెండు ఆదివారాలు పట్టింది. మొత్తం ఖర్చు కూడబోయి సగంలో ఆపేశాను, ఆ అంకె ఇంట్లో తెలిస్తే మంచిది కాదని.

వీ5సీ లాగ్‌బుక్, అంటే బండి రిజిస్ట్రేషన్ కాగితం, మీ పేరుతో, ఇప్పటి అడ్రస్‌తో ఉండాలి. ఇల్లు మారి అడ్రస్ మార్చకపోయి ఉంటే ముందు అది సరిచేయించండి. పోగొట్టుకుంటే వీ62 ఫారంతో కొత్తది తెప్పించుకోవాలి, 25 పౌండ్లు. అందులో బాడీ రకం దగ్గర "మోటార్ కారవాన్" అని ఉందో, ఉత్త వ్యాన్ అని ఉందో చూడండి. ఇన్సూరెన్స్ వాళ్లు కొనేవాణ్ని అడిగే ప్రశ్న అది. లాగ్‌బుక్ ఫొటోని మాత్రం ప్రకటనలో పెట్టకండి. ఆ నంబర్లతో దొంగ కాగితాలు పుట్టించేవాళ్లున్నారు. ఇంటికి వచ్చినవాళ్లకి చేతికిచ్చి చూపిస్తే చాలు.

బండికి 40 ఏళ్లు నిండితే, ఆ మరుసటి సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి హిస్టారిక్ తరగతిలో చేర్పించుకోవచ్చు. అప్పుడు రోడ్డు పన్ను సున్నా. కానీ అది దానంతట అదే జరగదు, మీరు దరఖాస్తు పెట్టుకోవాలి. 1980ల టీ25 ఉన్నవాళ్లు చాలామంది ఈ పని చేయకుండానే అమ్మకానికి పెడతారు, అది నష్టం. ఆ తరగతిలో ఉన్న బండికి లండన్ యూలెజ్‌లో (పొగ ఎక్కువ వదిలే బండ్ల మీద ఛార్జీ వేసే ప్రాంతం) రోజుకి 12.50 పౌండ్ల ఛార్జీ కూడా ఉండదు. లండన్‌లో ఉండే కొనుగోలుదారుకి బండి రంగు కన్నా ఈ ఒక్క ముక్క ముఖ్యం.

40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చేయని బండికి 2018 మే నుంచి ఎమ్‌ఓటీ, అంటే బండి రోడ్డుకి పనికొస్తుందో లేదో ఏటా చూసే పరీక్ష కూడా తప్పనిసరి కాదు. అయినా సరే, అమ్మే ముందు చేయించండి. గరిష్ఠ ఫీజే 54.85 పౌండ్లు. "చట్టం అడగలేదు కదా అని చేయించలేదు" అన్నవాడి బండికీ, "చట్టం అడగకపోయినా ఏటా చేయించాను" అన్నవాడి బండికీ మధ్య తేడా వేల పౌండ్లలో ఉంటుంది. పాత ఎమ్‌ఓటీల వివరాలు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. బండి నంబర్ కొడితే చాలు, ఏ సంవత్సరం ఏ తుప్పు గురించి ఇన్‌స్పెక్టర్ రాశాడో అంతా కనపడుతుంది. అందుకే ముందు మీరే చూసి, రాసి ఉన్న ప్రతి లోపానికీ బాగు చేయించిన బిల్లు ఫైల్లో ఉందో లేదో చూసుకోండి.

3. బండి కిందకి మీరే ముందు దూరండి

అసలు కథ ఇక్కడే ఉంది. ఇంజిన్ పోతే మార్చుకోవచ్చు. గేర్‌బాక్స్ మార్చుకోవచ్చు. రేకు కుళ్లితే బండే పోయినట్టు. ఇక్కడ శీతాకాలంలో మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అందుకే నలభై ఏళ్లు దాటిన ఏ బ్రిటిష్ బండికైనా తుప్పు పట్టే ఉంటుంది, ఎక్కడ ఎంత అన్నదే ప్రశ్న.

పొడిగా ఉన్న రోజు చూసి, బండిని గట్టి స్టాండ్ల మీద నిలబెట్టి కిందకి వెళ్లండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని ఎప్పుడూ దూరొద్దు. చూడాల్సినవి ఇవి: తలుపుల కింద పొడుగ్గా ఉండే సిల్స్, జాకీ పెట్టే చోట్లు, వాటిని మధ్య ఛాసిస్‌కి కలిపే అవుట్‌రిగ్గర్లు, నాలుగు చక్రాల ఆర్చీలు, ఇంజిన్ గదిలో బ్యాటరీ కూర్చునే పళ్లెం, జారే తలుపు కింది అంచు. తర్వాత పైకి వచ్చి ముందు అద్దం కింది మూలలు, పైకప్పు చుట్టూ ఉండే వాన గాడి. అద్దం రబ్బరు కింద బుడగలా పెయింట్ ఉబ్బి ఉంటే లోపల రేకు తినేసిందనే అర్థం. పైనుంచి కనపడేది గోరంత, లోపల ఉండేది అరచేయంత.

అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి రేకు మీద నెమ్మదిగా జరపండి. అంటుకోకుండా జారిపోయిన చోట రేకు లేదు, లప్పం ఉంది. మన ఊళ్లో గోడకి పెట్టే లప్పం లాంటిదే ఇక్కడ బాడీ ఫిల్లర్. సొట్ట సరిచేయడానికి సన్నటి పొరగా వాడితే తప్పు లేదు. చిల్లు మూయడానికి వాడితే మోసం. మా బండి కొన్నాక ఎడమ వెనక ఆర్చీలో పిడికెడు లప్పం బయటపడింది. దాన్ని మాకు అంటగట్టిన ఆయన చాలా మర్యాదస్తుడు, బిస్కెట్లు కూడా పెట్టాడు.

ఇప్పుడు ఏది బాగు చేయించాలి, ఏది వదిలేయాలి? సిల్స్, జాకీ పాయింట్లు, ఛాసిస్ భాగాలు బలహీనంగా ఉంటే చేయించే అమ్మండి, లేదా "వెల్డింగ్ కావాలి" అని రాసి ధర తగ్గించండి. ఆ వెల్డింగ్ జరుగుతున్నప్పుడు, పాత రేకు కోసేశాక, కొత్తది అతికాక, పెయింట్ వేయకముందు ఫొటోలు తీయమని గ్యారేజీ వాళ్లని అడగండి. పెయింట్ వేసేశాక మంచి పనీ చెడ్డ పనీ ఒకేలా కనపడతాయి. ఇక పైపైన కనపడే చిన్న బుడగలు, గీతలు వదిలేయండి. అమ్మే ముందు హడావిడిగా కొత్త పెయింట్ కొట్టిస్తే, ఏదో దాచారనే అనుకుంటారు. బండి కింద దట్టంగా నల్ల రంగు పూయించడం అన్నింటికన్నా చెడ్డ ఆలోచన. నేను మొదటిసారి చేసింది అదే. వచ్చిన ఏడుగురూ వెనక్కి పోయింది దాన్ని చూసే.

తుప్పున్న ప్రతి చోటుకీ ఫొటో తీయండి. పక్కన ఒక నాణెం పెట్టి తీస్తే ఎంత పెద్దదో తెలుస్తుంది. ఇవి ప్రకటనలో చివర కాదు, మధ్యలోనే పెట్టండి.

4. ఇంజిన్‌ని చల్లగా ఉంచండి

బండి చూడ్డానికి వస్తున్నారంటే చాలామంది ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచుతారు. తెలిసినవాడు వచ్చీ రాగానే ఇంజిన్ మీద చెయ్యి పెడతాడు. వెచ్చగా తగిలితే, పొద్దున్నే స్టార్ట్ కావడానికి ఇబ్బంది పెడుతుందేమో అని అనుమానపడతాడు. చల్లటి ఇంజిన్‌ని అతని ముందే స్టార్ట్ చేయండి.

గాలితో చల్లబడే 1600 ఇంజిన్‌లో ఉండేది రెండున్నర లీటర్ల ఆయిలే. అందుకే 3,000 మైళ్లకోసారి మార్చాలి, వాల్వ్ గ్యాప్‌లు చల్లగా ఉన్నప్పుడు 0.15 మిల్లీమీటర్లకి సరిచేయాలి. ఇవి మీరు చేస్తూ వచ్చారని రాసిన నోటు పుస్తకం ఉంటే ఫైల్లో పెట్టండి. నాది పిల్లల పాత లెక్కల పుస్తకం. మా కొనుగోలుదారు ఆయిల్ మరకలున్న ఆ పుస్తకాన్ని గ్యారేజీ బిల్లుల కన్నా ఎక్కువసేపు చదివాడు.

ఒక్క పని మాత్రం తప్పకుండా చేయించండి: పెట్రోల్ రబ్బరు పైపులు. 2021 సెప్టెంబర్ నుంచి ఇక్కడ మామూలు పెట్రోల్ అంటే ఈ10, పది శాతం దాకా ఇథనాల్. పాత రబ్బర్ని అది తినేస్తుంది. పైపు పగిలి పెట్రోల్ వేడి ఇంజిన్ మీద కారితే మంట అంటుకుంటుంది. ఇంజిన్ వెనక ఉంటుంది కాబట్టి నడిపేవాడికి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. పైగా ఆ ఇంజిన్ కేసింగ్ మెగ్నీషియం మిశ్రమ లోహం, అంటుకుంటే ఆర్పడం కష్టం. ఆర్9 అని ముద్ర ఉన్న కొత్త పైపులు వేయించి, తేదీతో బిల్లు పెట్టండి. ఖర్చు తక్కువ. అమ్మేశాక మీరు రాత్రి నిద్రపోవాలన్నా ఇది అవసరమే.

వెనక పెద్ద పుల్లీని చేత్తో పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగి చూస్తారు. టక్కుమని కదిలితే ఇంజిన్ ఆయువు తీరుతోందని లెక్క. మీరే ముందు లాగి చూసుకోండి. అడుగున కాస్త ఆయిల్ చెమ్మ ఉంటే కంగారు పడకండి, ఈ ఇంజిన్లకి అది మామూలే. తుడిచేసి దాచకండి.

5. లోపల: గ్యాస్, గుడ్డ, ఇంగువ

గ్యాస్ పైపు మీద తయారీ తేదీ ముద్రించి ఉంటుంది. పాతదైతే పైపూ, రెగ్యులేటరూ మార్పించండి. కారవాన్ల ఎల్‌పీజీ పనికి అర్హత ఉన్న గ్యాస్ ఇంజినీర్‌తో పరీక్ష చేయించి కాగితం తీసుకోండి. స్టవ్ ఉన్న బండిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే ఒకటి కొని పెట్టండి. వేడిగాలి కూడా ఈ బండ్లలో సైలెన్సర్ పక్కనుండే హీట్ ఎక్స్ఛేంజర్ల నుంచే వస్తుంది. అవి తుప్పుపట్టి చిల్లుపడితే పొగ లోపలికి వస్తుంది. అలారం అందుకు కూడా.

పైకెత్తే కప్పు గుడ్డని పూర్తిగా విప్పి ఎండలో ఆరబెట్టండి. తడిగా మడిచి పెట్టిన గుడ్డకి బూజు పడుతుంది, ఆ నల్ల మచ్చలు ఎంత రుద్దినా పోవు. ఉంటే ఫొటో తీసి పెట్టేయండి.

ఇప్పుడు మన ఇళ్లవాళ్లకి మాత్రమే ఉండే సమస్య. పదకొండేళ్లు ఆ చిన్న స్టవ్ మీద పులిహోర పోపు, ఉప్మా, చారు. మన ముక్కుకి తెలియదు కానీ, కర్టెన్లూ పరుపులూ ఆవాలు, కరివేపాకు, ఇంగువ పీల్చుకుని కూర్చుంటాయి. మొదటిసారి వచ్చిన ఒకావిడ తలుపు జార్చగానే "ఆహా, రెస్టారెంట్ వాసన" అంది. మెచ్చుకుందనే అనుకున్నాను. మా ఆవిడ కర్టెన్లు విప్పుతూ, "అది మెప్పు కాదండీ" అంది.

కర్టెన్లు ఉతికేయండి, ఆ నాటివైతే చేత్తో, చల్లనీళ్లలో, లేకపోతే రంగు పోతుంది. పరుపు కవర్లు విప్పి లోపలి స్పాంజిని రెండు మూడు రోజులు బయట గాలికి పెట్టండి. చెక్క అల్మారాల లోపల వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిచి, వంటసోడా గిన్నెలో పోసి తలుపు మూసి వారం ఉంచండి. ఎయిర్ ఫ్రెషనర్ కొట్టొద్దు. పెట్రోల్ వాసనో చెమ్మ వాసనో దాస్తున్నారనుకుంటారు. స్టవ్ పక్కన తెల్ల పలక మీది పసుపు మరకలకి ఎండే మందు. నాలుగైదు రోజులు తలుపు తెరిచి ఎండ పడనిస్తే పాలిపోతాయి. ఇక్కడ వరసగా నాలుగు ఎండ రోజులు దొరకడం మన అదృష్టాన్ని బట్టి.

డాష్‌బోర్డ్ మీద వినాయకుడి స్టిక్కర్ తీయాలా వద్దా అని మా ఇంట్లో పెద్ద చర్చ. హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి మెల్లగా తీశాం. కొన్నాయన దాన్ని ఫొటోల్లో చూశాడట, "ఆ ఏనుగు ఏది?" అని అడిగాడు. కాబట్టి ఇందులో నియమం ఏమీ లేదు.

6. ధర

అడిగే ధరలు చూసి మీ ధర పెట్టకండి. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. అమ్ముడైన ధరలు చూడండి. పాత కార్ల వేలం సంస్థలు వాటి ఫలితాలు బయటపెడతాయి, ఆన్‌లైన్ వేలాల్లో చివరి పాట ఎంతో అందరికీ కనపడుతుంది. మీ మోడల్, మీ సంవత్సరం, మీ కండీషన్‌కి దగ్గరగా ఉన్న అయిదారింటిని రాసుకోండి. స్టీరింగ్ కుడివైపా ఎడమవైపా అన్నది కూడా చూడండి.

మీరు పెట్టిన ఖర్చు ధర కాదు. వెల్డింగ్‌కీ పెయింట్‌కీ పోసిన డబ్బు చాలావరకు తిరిగి రాదు. పదకొండు వేసవులు తిరిగాం కదా, ఆ డబ్బు అక్కడ పోయిందనుకోవాలి.

మనకి బేరానికి జాగా ఉంచి ధర చెప్పే అలవాటు. పదిహేను వేలకి ఇవ్వాలనుకుంటే ఇరవై చెబుతాం. ఇక్కడ అలా చేస్తే బేరమాడేవాడు కాదు, ఎవడూ రాడు. నేను 16,500 పౌండ్లు అడిగి 15,900కి ఇచ్చాను. అడిగిన ధరకీ ఇచ్చే ధరకీ మధ్య అంతకన్నా ఎక్కువ దూరం అక్కర్లేదు.

7. ఎప్పుడు, ఎలా ప్రకటించాలి

మార్చి నుంచి మే వరకు. వేసవి ప్రయాణాలు మనసులో ఉన్నప్పుడే జనం కొంటారు. నవంబర్ వానలో క్యాంపర్ వ్యాన్ కొనేవాడు చవక బేరం కోసమే వస్తాడు.

ఫొటోలు నలభై దాకా ఉండాలి. మబ్బు పట్టిన పగలు తీయండి, ఇంగ్లండ్‌లో దానికి కొదవ లేదు. తడి బండిని తీయొద్దు, తడిలో పాత పెయింట్ కూడా మెరుస్తుంది, అది అందరికీ తెలుసు. చల్లగా స్టార్ట్ చేసే వీడియో ఒకటి కోతలు లేకుండా తీసి పెట్టండి. పాత బండ్ల ప్రకటనల సైట్లు, ఫోక్స్‌వ్యాగన్ యజమానుల క్లబ్బులు రెండింటిలోనూ పెట్టండి. క్లబ్బుల్లో చూసేవాళ్లు తక్కువ, కొనేవాళ్లు ఎక్కువ.

రాసేటప్పుడు "తుప్పు లేదు" అనే మాట వాడకండి. వ్యక్తిగతంగా అమ్మేవాడికి డీలర్‌కున్నంత బాధ్యత చట్టం పెట్టదు, కానీ మీరు రాసిన వివరాలకి బండి సరిపోవాలి. అబద్ధం రాసి అమ్మితే డబ్బు వెనక్కి ఇవ్వాల్సి రావచ్చు. రోడ్డు మీద నడపడానికి పనికిరాని బండిని ఆ సంగతి చెప్పకుండా అమ్మడం నేరం కూడా. "చూసినది చూసినట్టు" అని రసీదులో రాసినంత మాత్రాన అబద్ధం మాఫీ కాదు.

లోపాల జాబితా విడిగా రాయండి. మాదాంట్లో తొమ్మిది ఉన్నాయి. తొమ్మిదోది "గడియారం 1990ల నుంచి పనిచేయడం లేదని పాత యజమాని చెప్పారు". ఫోన్ చేసిన ముగ్గురు ఆ గడియారం మాటతోనే మొదలుపెట్టారు.

8. చూడ్డానికి వచ్చినప్పుడు

ఇంటి దగ్గరే, పగటిపూట, లాగ్‌బుక్‌లో ఉన్న అడ్రస్‌లోనే చూపించండి. పక్కన నిలబడి వాగొద్దు. వాళ్లు కిందకి దూరితే దూరనివ్వండి. అడిగినదానికి చెప్పండి.

తొలుత మీరే నడిపి చూపించండి. వాళ్లు నడుపుతామంటే లైసెన్స్, ఆ బండిని నడపడానికి వాళ్ల ఇన్సూరెన్స్ ఉందో లేదో చూడండి. పాత బండ్ల పాలసీలు సాధారణంగా పేరున్నవాళ్లకే వర్తిస్తాయి. సీట్లు మారేటప్పుడు ఇంజిన్ ఆపి తాళం చేతిలోకి తీసుకుని దిగండి, మీరు అటువైపు నడుస్తుండగానే బండి వెళ్లిపోయిన సంఘటనలున్నాయి.

ఒక్క మెసేజ్‌తో "ఆఖరి ధర ఎంత?" అని అడిగేవాళ్లకి "వచ్చి చూడండి, మాట్లాడుకుందాం" అని ఒకే జవాబు ఇవ్వండి. చూడకుండానే మీరడిగిన దానికన్నా ఎక్కువ ఇస్తాననేవాడూ, "మా ఏజెంట్ వచ్చి తీసుకెళ్తాడు, మిగతాది అతనికివ్వండి" అనేవాడూ దొంగే. ఆలోచించాల్సిన పనే లేదు.

9. డబ్బు, కాగితాలు

బయానా తీసుకుంటే ఎంత, ఎప్పటిలోగా మిగతాది, కుదరకపోతే వెనక్కి ఇస్తారా లేదా అన్నది రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. మిగతాది బ్యాంక్ ట్రాన్స్‌ఫర్. అతని ఫోన్‌లో "పంపబడింది" అని కనపడటం కాదు, మీ ఖాతాలో మీ యాప్‌లో కనపడాలి. కొత్త ఖాతాకి పెద్ద మొత్తం పంపితే బ్యాంక్ కొన్ని గంటలు ఆపి ప్రశ్నలడగొచ్చు. మాకు అదే జరిగి, ఆ రెండు గంటలూ ఇద్దరికీ టెన్షన్. మా ఆవిడ దోసెలు వేసింది. తాళాలు మాత్రం డబ్బు పడ్డాకే ఇచ్చాను, ఆయన కూడా తప్పుపట్టలేదు.

డబ్బు పడగానే, బండి కదలకముందే, బండ్ల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్‌ఏకి ఆన్‌లైన్‌లో చెప్పండి. లాగ్‌బుక్ మీదుండే 11 అంకెల నంబరూ, కొన్నవారి పేరూ అడ్రసూ కావాలి. ఆకుపచ్చ రంగు కొత్త యజమాని స్లిప్ చింపి వాళ్లకివ్వండి, మిగతా లాగ్‌బుక్ నాశనం చేయండి. మీ పన్ను వాళ్లకి రాదు. సున్నా పన్నైనా సరే, ఆ స్లిప్‌తో వాళ్ల పేరున మళ్లీ కట్టినట్టు నమోదు చేసుకుని, ఇన్సూరెన్స్ తీసుకున్నాకే రోడ్డెక్కాలి. ఇష్టమైన నంబర్ ప్లేట్ ఉంటే ఇదంతా చేయకముందే 80 పౌండ్లు కట్టి అట్టిపెట్టుకోవాలి, తర్వాత అడిగితే అది బండితో పోయినట్టే. ఆ తర్వాత మీ ఇన్సూరెన్స్ రద్దు చేయండి.

చివరగా ఒక కాగితం మీద బండి అలవాట్లు రాసి ఇవ్వండి. చలిలో యాక్సిలరేటర్ ఒకసారి పూర్తిగా తొక్కి వదిలి స్టార్ట్ చేయాలని, జారే తలుపుని విసిరి వేయొద్దని, స్టెప్నీ ఎక్కడుందో, జాకీ ఎక్కడ పెట్టాలో. నేను ఒకటిన్నర పేజీ రాశాను. ఒక్కటి మర్చిపోయాను. ఆ ఆదివారం సాయంత్రం కొన్నాయన భార్య కెజిక్‌లో ఒక కార్ పార్క్ నుంచి ఫోన్ చేసింది. బండి ముక్కు గోడకి ఆనించి ఉందట, వెనక రెండు కార్లు హారన్ కొడుతున్నాయట, రివర్స్ గేర్ ఎంత లాగినా పడటం లేదట. గేర్ రాడ్‌ని ముందు కిందకి గట్టిగా నొక్కి, అలాగే నొక్కి ఉంచి ఎడమకి, తర్వాత వెనక్కి లాగమన్నాను. ఫోన్‌లోనే గేర్ పడిన చప్పుడు వినపడింది.